కాలువ కట్టేసిన నెలలో

ఏప్రిల్ ఆఖర్లో కాలువ కట్టేస్తారు మా వైపు.
నీరు పోయాక గాని తెలీదు
అడుగున ఏమున్నాయో:
తెగిన చెప్పు, సీసా పెంకులు,
వినాయకుడి చెయ్యి ఒకటి, ఇంకా రంగు పోనిది,
ఎవరో పారేసుకుని ఏడ్చిన సైకిలు తాళం.

ఆ నెల్లోనే నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు.
భీమవరం. రొయ్యల మేత కంపెనీ.
నీటి పరీక్షలు చేసే ఉద్యోగం,
నెలకి పద్దెనిమిది వేలు, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే.

సర్టిఫికెట్లలో నేను వెంకట రత్నకుమారిని.
ఇంట్లో రత్తాన్ని.
ఫోన్లో మాత్రం గోదారి రత్న,
పేరు పక్కన చేప బొమ్మ.
ముగ్గురం కలిసే బస్సెక్కాం పాలకొల్లులో.
ఒక్క సీటే దొరికింది.

లోపల ఏసీ. అటూ ముగ్గురే.
ఆక్సిజన్ ఎంతకి పడితే రొయ్య పైకి తేలుతుందన్నారు. చెప్పాను.
తెల్లమచ్చ ఎలా గుర్తుపడతావన్నారు. చెప్పాను.
మధ్యలో కూర్చున్నాయన,
మెళ్ళో కార్డు మీద భైరవస్వామి అని ఉంది,
అప్పటిదాకా టీ తాగుతున్న మనిషి,
తన ఫోన్ నా వైపు తిప్పి పెట్టాడు.

అందులో రెండేళ్ళ కిందటి నేను.
డ్రెయిను గట్టు మీద, పసుపు చున్నీ, రేగిన జుట్టు.
వెనక తెల్లటి కడుపులతో తేలిన జెల్లలు, పరిగెలు.
“చెరువుల నీళ్ళన్నీ ఇందులోకి వదిలితే
మా గేదెలేం తాగాలండీ? మేమేం తాగాలండీ?”
అంత పెద్దగా అరవగలనని
ఎప్పుడు మరిచిపోయానో.

“మీరేనా?”
“ఆయ్, నేనేనండి.”
నవ్వలేదు. రాసుకున్నారు. కబురు చేస్తామన్నారు.
కబురు చేస్తామంటే ఏంటో మా వీధి కుక్కక్కూడా తెలుసు.

ఇంటికొచ్చాక అందరూ సలహాదారులే.
బాబాయి కొడుకు సూరిపండు, “తీసెయ్యవే మొత్తం” అన్నాడు.
“నీలం చొక్కా వేసుకుని ఒక ఫోటో పెట్టు.
కష్టపడే స్వభావం, నలుగురితో కలిసి పనిచేయడం ఇష్టం
అని కింద రాయి.”
అమ్మ షెడ్డు నుంచి వచ్చింది,
రొయ్య తలలు తీసీ తీసీ
ఐసునీళ్ళకి ముడతలు పడ్డ వేళ్ళతో.
“ఏం పెట్టావే అందులో?”
చూపించాను. రెండుసార్లు చూసింది.
“చున్నీ ఇస్త్రీ చేసుకోవాల్సింది,” అంది.
అంతే.

రాత్రి మేడమెట్ల మీద కూర్చుని
పూడిక తీయడం మొదలెట్టాను.
ఎన్నికలప్పుడు ఎవరితోనో పడ్డ గొడవ. తీశాను.
నాన్న ఆటో మీద కాలు మీద కాలేసుకుని దిగిన ఫోటో. తీశాను.
హాస్టల్ సాంబారుని తిట్టిన కవిత,
ప్రాస బాగా కుదిరింది దానికి,
అయినా తీశాను.
మూడేళ్ళు నలభై నిమిషాల్లో గట్టుకెక్కాయి.

చివరికి ఆ వీడియో.
తీసి మాత్రం ఏం లాభం,
నీళ్ళొకసారి తూము దాటాక
ఏ బోదెలోకెళ్ళాయో, ఎవరి చేలో నిలిచాయో
లాకుల దగ్గర లస్కరు కూడా చెప్పలేడు.
అయినా వేలు పెట్టబోయాను.
పెట్టేముందు, ఊరికే,
ఎవరెవరికి నచ్చిందో చూద్దామని కిందికి జరిపాను.
పాలిటెక్నిక్ పిల్లలు, ముక్కూమొహం తెలీని అన్నయ్యలు,
మస్కట్లో ఉన్న మా ఊరి తాపీమేస్త్రి,
ఆ కింద,
కొబ్బరిమట్ట బొమ్మ వెనక దాక్కున్న ఒక పేరు.
భైరవస్వామి.
ఎర్ర గుండె ఒకటి. మాట లేదు.

ఆ పేరు మా జిల్లాలో ఎంతమందికుంటుంది?
ఆయనే అయితే
మరిచిపోయి తిప్పాడా ఫోన్ని,
మరిచిపోలేక తిప్పాడా?
అడగడానికి మనిషి ఎదురుగా లేడు.
వేలు తీసేశాను.

జూన్లో నీళ్ళు వదిలారు.
ముందు నురగ, తర్వాత బురద,
తర్వాత గుర్రపుడెక్క పచ్చగా కదిలొచ్చింది.
వినాయకుడి చెయ్యి ఏమైందో చూడలేదు.
భీమవరం నుంచి కబురు లేదు.
తణుకులో ఇంకెవరో పిలిచారు, బుధవారం పదింటికి.

పసుపు చున్నీ ఇస్త్రీకిచ్చి వచ్చాను.